పోటీ అనగానే వణికే అమ్మాయికి కోచ్ ధైర్యం నేర్పగలడా?

"మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 800 మీటర్లు పరిగెత్తుతుంది. ప్రాక్టీసులో బాగానే ఉంటుంది, పోటీ రోజు మాత్రం వాంతులు. మనోధైర్యం కోచ్ నేర్పేదా, పుట్టుకతో రావాల్సిందా?" అని అడిగారు. నేనూ 800 వాణ్ణే, నేనూ కక్కినవాణ్ణే.

నేర్పొచ్చు. కానీ మాటలతో రాదు. పోటీకి ముందు పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని ఉపన్యాసం దంచే కోచ్‌ని నేను నమ్మను.

ఇరవై ఏళ్ల కిందటి జిల్లా మీట్. మట్టి ట్రాక్, సున్నం గీతలు. 800లో మొదటి మలుపు అయ్యేదాకా ఎవరి లేన్‌లో వాళ్లే ఉండాలి, మలుపు చివర గీసిన బ్రేక్ లైన్ దాటాకే లోపలికి రావాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. గన్ పేలాక మాత్రం బుర్రలో ఏమీ మిగల్లేదు, పక్కవాడి రొప్పు తప్ప. గీతకు పది అడుగుల ముందే లోపలికి వచ్చేశాను. రెండోవాడిగా ముగించి, చేతులెత్తి, వెనక్కి తిరిగి చూస్తే మలుపు దగ్గర అంపైర్ చేతిలో పసుపు జెండా. డిస్‌క్వాలిఫై.

అంతకుముందు నేర్పిన సారైతే అందరి ముందూ చెంప పగలగొట్టి, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టేవాడు. పిల్లలు గట్టిపడతారట. గట్టిపడింది మోకాళ్లే.

ఈ సారు వచ్చి "తిన్నవారా?" అన్నాడు. లేదన్నాను. రెండు అరటిపండ్లు, ఒక కాగితం, పెన్ను చేతిలో పెట్టాడు. "ఇవి తిని ఆ గీత కాడ నిలబడు. ఆడపిల్లల హీట్లు ఉన్నయి. ఎవరు యాడ లోపలికొస్తున్నరో రాసుకొచ్చి నాకు చెప్పు." అంతే. ఓదార్పూ లేదు, తిట్టూ లేదు. మొదటి హీట్ ఏడుస్తూనే రాశాను. రెండో హీట్‌కల్లా ఏడవడానికి తీరిక లేదు. ఒకమ్మాయి గీత దాటీదాటగానే అడ్డంగా దూకి, మోచేతులు తగిలి తడబడింది. ఇంకో అమ్మాయికి తొందరే లేదు, అవతలి మలుపు మీద చూపు పెట్టి ఏటవాలుగా, ఎవరికీ తగలకుండా వచ్చేసింది. తర్వాత హన్మకొండ జేఎన్ స్టేడియంలో వారం రోజులు నాతో అదే చేయించాడు. మొదటి 120 మీటర్లు, రోజుకి పన్నెండు సార్లు. మళ్లీ పోటీకి నిలబడినప్పుడు భయం ఎక్కడికీ పోలేదు, కాకపోతే బుర్రలో ఒక గీత ఉంది.

వాంతులా? అవీ ఆగలేదు. "కక్కినవా? మంచిది, మూతి కడుక్కొని రా" అనేవాడు. వార్మప్‌లో అదొక భాగమైపోయింది.

ఆ స్టేడియంలో ఇప్పుడు సింథటిక్ ట్రాక్ ఉంది, 2021లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగింది. అయినా ఒకటో లేన్‌లో ఫోన్ మాట్లాడుకుంటూ నడిచే పెద్దమనుషులు ఏ ట్రాక్ వేసినా మారరు. బళ్లలో పీఈటీ పీరియడ్‌ని లెక్కల సారు లాక్కోవడమూ మారలేదు.

పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి సంగతే చూడండి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన పారా విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82, కాంస్యం. ఊరంతా పతకం చూసి మురిసింది, నేనూ మురిశాను. ఆమెకు నేర్పిన నాగపురి రమేష్ కూడా మన వరంగల్ వాడే, 2016లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. నన్నడిగితే అలాంటి కోచ్ కన్ను ముందు పడేది మధ్యలో ఉన్న ఆ ముప్పావు సెకను మీదే. అది ఎక్కడ పోయిందో చూపించగలిగితే పిల్లకి భయపడే తీరిక ఉండదు.

మీ అమ్మాయి కోచ్‌ని ఒక్కటే అడగండి: పోయిన మీట్ అయిన మర్నాడు ఏం చేయించారు? "మందలించాను" అంటే వేరే గ్రౌండ్ చూసుకోండి. ఇంకోటి, పోటీ రోజు మీరు లోపలికి రాకండి. మా నాన్న కిరాణం మూసుకుని వచ్చి స్టాండ్‌లోంచి అరిచేవాడు. ఆ డిస్‌క్వాలిఫై తర్వాత సారే ఆయన్ని గేటు బయట చాయ్ కొట్టు దగ్గర కూర్చోబెట్టాడు. నేను బయటికొచ్చేసరికి మూడో చాయ్‌లో ఉండేవాడు, ఎన్నోవాడిగా వచ్చానో అడగడం మానేశాడు.