పదకొండేళ్ల ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు: మానెయ్యాలా, ఆగాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంట్ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా క్యూసీలో (నాణ్యత తనిఖీ విభాగంలో) పనిచేస్తున్నాను. బేసిక్, డీఏ కలిపి 26,000. పాపకి ఆరేళ్లు, బాబుకి రెండేళ్లు. చెరువుల్లో రొయ్యల పట్టుబడులు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతోంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, బాబు వెనకాల తిరగలేకపోతున్నారు. మావారు చెరువులు లీజుకి తీసుకుని చేస్తారు. మానేద్దామనుకుంటున్నాను. కానీ ఇన్నేళ్ల ఉద్యోగం వదిలేస్తే మళ్లీ ఎవరు తీసుకుంటారని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పని నచ్చలేదని గానీ, ల్యాబ్‌లో ఇబ్బందిగా ఉందని గానీ ఎక్కడా రాయలేదు. మిమ్మల్ని నలిపేస్తున్నది సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఉన్న ఆ నాలుగు గంటలు. వాటికి దారి ఉందో లేదో ముందు తేల్చుకోండి. లేదని తేలితే అప్పుడు మానేయండి, అందులో తప్పేమీ లేదు.

రొయ్యల లారీ ఎప్పుడొస్తే అప్పుడే శాంపిల్ తీయాలన్నది మీ ప్లాంట్‌లో పద్ధతి. కానీ ప్రతి లారీకీ మీరే ఉండాలని లేదు. ఆరు నెలలపాటు జనరల్ షిఫ్ట్ (పగటిపూట పని) మాత్రమే ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం రాత్రి 7 తర్వాత, ఉదయం 6కి ముందు ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి. చట్టం పట్టుకుని గొడవకి దిగమనడం లేదు. మీరు అడిగేది దయాదాక్షిణ్యం కాదని తెలిసి అడిగితే గొంతు వణకదు, అందుకే చెప్తున్నాను. అలాగే 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు వచ్చిన నియమమిది. రొయ్యలు ఒలిచే మీ పీలింగ్ హాల్లో ఎంతమంది ఆడవాళ్లు పసిపిల్లల్ని ఇంటి దగ్గర పెద్దపిల్లలకి అప్పజెప్పి వస్తున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. క్రెష్ అడిగేటప్పుడు వాళ్లని కూడా కలుపుకోండి.

మరో సంగతి. మీ ఉత్తరంలో అత్తగారి మోకాళ్ల గురించి ఉంది గానీ, మావారు చెరువులు చేస్తారన్న ముక్క తప్ప ఆయన గురించి ఇంకేమీ లేదు. చెరువు పని తేలికని నేననను. రాత్రిపూట కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కోసం పరుగెత్తాల్సింది ఆయనే. అయినా సాయంత్రం మేత వేశాక ఒక రెండు గంటలు బాబుని చూసుకోగలరేమో కూర్చుని మాట్లాడారా? ఉద్యోగం మానేద్దామన్న ఆలోచన మీ ఒక్కరి బుర్రలోనే ఎందుకు తిరుగుతోంది? ఇది ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం. పైగా ఆయన రాబడి పంటకో రకంగా ఉంటుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల కౌంట్ రేటు (కిలోకి ఎన్ని తూగుతాయో చూసి కట్టే ధర) ఎలా పడిందో మీ ఇంట్లో చూసే ఉంటారు. అలాంటి నెలల్లో ఇల్లు నడిచింది మీ జీతం మీదేనని నా నమ్మకం.

ఇక మానెయ్యడమే ఖాయమైతే, డబ్బు సంగతి చూద్దాం. ఐదేళ్ల సర్వీసు దాటినవాళ్లకి గ్రాట్యుటీ వస్తుంది. చివరి జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది లెక్క. మీకు 15,000 చొప్పున పదకొండేళ్లకి 1,65,000. దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి. పదేళ్లు దాటాయి కనుక పీఎఫ్‌లోని పెన్షన్ భాగాన్ని నగదుగా తీసుకోవడం కుదరదు, మీ పెన్షన్ సర్వీసుకి రుజువుగా స్కీమ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇప్పటి లెక్కలో పెన్షన్‌కి తీసుకునే జీతం 15,000 పరిమితి మీద మీ పదకొండేళ్లకి 58వ ఏట నుంచి నెలకి సుమారు 2,350 పెన్షన్. చిన్న మొత్తమే. కానీ మళ్లీ ఉద్యోగంలో చేరితే అదే యూఏఎన్‌లో (మీ పీఎఫ్ నంబరులో) సర్వీసు కలుస్తుంది, కనుక ఆ సర్టిఫికెట్ భద్రం. పీఎఫ్ సొమ్ము కదపకండి, వడ్డీ వస్తూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి పిల్లలతో సహా ఒక పాలసీ ముందే తీసుకోండి.

గ్రాట్యుటీ డబ్బు మీ పేరు మీద ఎఫ్‌డీ వేసుకోండి. లీజు కట్టడానికో, మేత బాకీ తీర్చడానికో సర్దమని ఇంట్లో అడుగుతారు. ఇవ్వొద్దనే నా సలహా. చెరువులో పెట్టిన డబ్బు పట్టుబడి దాకా కంటికి కనిపించదు, ఆ తర్వాతైనా కనిపిస్తుందన్న హామీ లేదు. మీకు జీతం లేని కాలానికి ఆ లక్షా అరవై అయిదు వేలే ధైర్యం.

మళ్లీ ఎవరు తీసుకుంటారన్న భయానికి వస్తాను. మీ చేతిలో ఉన్న పని మీ చుట్టుపక్కల అందరికీ కావాల్సిందే. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు, ఎటు చూసినా ఆక్వా ల్యాబులు. పొద్దున్నే రైతు సీసాలో చెరువు నీళ్లు, కవర్లో నాలుగు రొయ్యలు పట్టుకొస్తాడు. అమ్మోనియా, ఆల్కలినిటీ అప్పటికప్పుడే చెప్పేయొచ్చు. రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా కోసం, దాన్ని పెంచే టీసీబీఎస్ ప్లేట్ మీద వేసి ఇంక్యుబేటర్లో పెడితే, పచ్చ కాలనీలెన్నో, పసుపువెన్నో లెక్కపెట్టేది మర్నాడు పొద్దున్నే. మధ్యలో ఆ ప్లేట్‌కి కాపలా అక్కర్లేదు. అంటే పాపని బడికి పంపి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చేయగలిగే పని ఉంది. జీతం ఇప్పుడొచ్చే దానికంటే బాగా తక్కువే ఉంటుంది. కానీ ఇంట్లో ఉన్న రెండు మూడేళ్లూ మీ చెయ్యి ఆడుతూనే ఉంటుంది, తర్వాత ఇంటర్వ్యూలో ఖాళీగా ఉన్నానని చెప్పే అవసరం రాదు. సొంతంగా ల్యాబ్ పెట్టే ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. రొయ్యల వైరస్‌ల పరీక్షకి వాడే పీసీఆర్ మెషీన్ అప్పూ, రెండేళ్ల బాబూ ఒకేసారి మోయలేరు.

చదువుకునే ఓపిక మిగిలితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే ఫుడ్ అనలిస్ట్ పరీక్ష మీద దృష్టి పెట్టండి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీకి తోడు ఆహార పదార్థాల పరీక్షల్లో మూడేళ్ల అనుభవం ఉంటే రాయొచ్చు. ఆ అనుభవానికి రుజువు కావాలి గనుక, రిలీవ్ అయ్యేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్లో ఉత్త హోదా రాసి సరిపెట్టనివ్వకండి. సాల్మొనెల్లా, యాంటీబయాటిక్ అవశేషాలు, ఇలా మీరు చేసిన పరీక్షల పేర్లన్నీ అందులో రాయించుకోండి. ట్రైనింగ్ సర్టిఫికెట్ల నకళ్లు కూడా ఆ రోజే తెచ్చేసుకోండి, తర్వాత వెళ్తే ఎవరూ వెతికి ఇవ్వరు.

ఈ వారమే షిఫ్ట్ కోసం లెటర్ ఇవ్వండి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, రాజీనామా ఇచ్చేయండి. ఆలోపు మీ ఊరికి దగ్గర్లోని రెండు మూడు ల్యాబులకి వెళ్లి, పొద్దుటి పూట మనిషి అవసరం ఉందేమో అడిగి రండి.