ఒకే పబ్లిక్ ఐపీ వెనక నాలుగు విండోస్ సర్వర్లు: బయటి నుంచి అన్నిటికీ రిమోట్ డెస్క్‌టాప్ ఎలా?

ప్రశ్న ఇదీ: ఫైర్‌వాల్‌కి ఒక్కటే పబ్లిక్ ఐపీ, లోపల నాలుగు సర్వర్లు. రిమోట్ డెస్క్‌టాప్ (ఆర్‌డీపీ) వాడే 3389 పోర్టుని ఒకదానికి ఫార్వర్డ్ చేస్తే అది వస్తోంది, మిగతా మూడింటికీ దారేది?

అడిగినంత వరకే చెప్పాలంటే రెండు నిమిషాల పని. బయటి 3390ని 192.168.1.12లోని 3389కి, 3391ని 192.168.1.13లోని 3389కి, ఇలా ఒక్కో పోర్టు ఒక్కో సర్వర్‌కి తిప్పండి. కనెక్ట్ అయ్యేటప్పుడు చిరునామా పక్కన కోలన్ పెట్టి పోర్టు నంబరు కొట్టండి. పరీక్ష మాత్రం మొబైల్ హాట్‌స్పాట్ నుంచే చేయండి. లోపల కూర్చుని సొంత పబ్లిక్ ఐపీని కొడితే చాలా ఫైర్‌వాళ్లు ఆ ప్యాకెట్‌ని వెనక్కి తిప్పవు. అంతా సరిగ్గానే ఉన్నా పనిచేయట్లేదని రూల్స్ చెరిపేసేవాళ్లు ఇక్కడే పుడతారు. ఫైర్‌వాల్ బయటి చిరునామా 100.64కీ 100.127కీ మధ్య మొదలైతే మీకు అసలు సొంత పబ్లిక్ ఐపీయే లేదు, ఎన్ని ఫార్వర్డ్‌లు పెట్టినా దండగ.

గమనించారా, సర్వర్లలో ఏమీ మార్చలేదు. అయినా "ప్రతి సర్వర్‌లో పోర్టు మార్చు" అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది పాటిస్తే ఏమవుతుందో చూడండి. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టెర్మినల్ సర్వర్, విన్‌స్టేషన్స్, ఆర్‌డీపీ-టీసీపీ దాకా దిగి పోర్ట్ నంబర్ తెరిస్తే పెట్టెలో 'డీ3డీ' అని ఉంటుంది. 3389కి హెక్సాడెసిమల్ రూపం అది. పక్కనున్న డెసిమల్ బటన్ నొక్కకుండా దాన్ని చెరిపి 3390 అని కొట్టి ఓకే అంటే, విండోస్ దాన్నీ హెక్సాగానే చదువుకుంటుంది. డెసిమల్‌లో అది 13200. సర్వీస్ రీస్టార్ట్ చేయగానే మీ సెషన్ తెగిపోతుంది. 3390కి జవాబు రాదు, 3389కీ రాదు. 13200 అని లెక్కగట్టి పట్టుకున్నా లాభం లేదు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్‌లో ముందే ఉన్న రూల్ 3389ని మాత్రమే వదులుతుంది. ఇక సర్వర్ ముందుకెళ్లి కీబోర్డు తగిలించడమే. ఎక్కడో ఉన్న సర్వర్‌కి రాత్రి పదకొండింటికి ఈ పని పెట్టుకోకండి.

ఇంత కష్టపడి పోర్టు మార్చినా దాక్కున్నదేమీ లేదు. స్కానర్లు పోర్టు నంబరు చూడవు, అవతలి నుంచి వచ్చిన జవాబు చూసి ఇది ఆర్‌డీపీ అని పోల్చుకుంటాయి. 2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. అందుకే ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. మీ సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 ఈవెంట్లు (విఫలమైన లాగిన్‌లు) చూడండి, 'అడ్మినిస్ట్రేటర్' పేరు మీద వరస కట్టి ఉంటాయి. అయితే ఎన్‌ఎల్‌ఏ (సెషన్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) ఆన్‌లో ఉంటే విఫలమైన ప్రయత్నాలు లాగాన్ టైప్ 10 (రిమోట్ డెస్క్‌టాప్)గా రావు, 3 (నెట్‌వర్క్)గా పడతాయి. 10 అని ఫిల్టర్ పెట్టి "ఎవరూ రావట్లేదు" అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. అకౌంట్ లాకౌట్ పెడితే ఇంకో తంటా: దొంగ తప్పుడు పాస్‌వర్డ్‌లు కొడుతుంటాడు, లాక్ అయ్యేది మీ అకౌంటు.

కాబట్టి నా మాట వింటే నాలుగు తలుపులొద్దు, ఒక్కటే పెట్టండి. విండోస్ డొమైన్ (యాక్టివ్ డైరెక్టరీ) ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే. బయటి కనెక్షన్లని లోపలి సర్వర్లకి చేర్చే రోల్ అది, విండోస్ సర్వర్‌లోనే ఉంది. బయటికి టీసీపీ 443 ఒక్కటి తెరిస్తే చాలు. యూడీపీ 3391 కూడా ఇస్తే వీడియో కాస్త సాఫీగా నడుస్తుంది, ఇవ్వకపోయినా పని ఆగదు. సర్టిఫికెట్ మీదున్న పేరు, బయటివాళ్లు గేట్‌వేగా కొట్టే పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. సెల్ఫ్ సైన్డ్ అయితే ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ట్రస్టెడ్ రూట్‌లో ఎక్కించాలి, అందుకే మామూలు పబ్లిక్ సర్టిఫికెట్ తీసుకోవడం సుఖం.

గేట్‌వే లోపల రెండు పాలసీలుంటాయి. క్యాప్ అంటే ఎవరు రావచ్చు, ర్యాప్ అంటే వచ్చినవాళ్లు ఏ మెషీన్‌కి వెళ్లొచ్చు. తొంభై శాతం తలనొప్పి ర్యాప్‌లోనే. మెషీన్ల జాబితాలో పూర్తి డొమైన్ పేరు పెట్టారనుకోండి, యూజర్ పొట్టి పేరు కొడితే గేట్‌వే రానివ్వదు. రెండు పేర్లూ చేర్చండి, ఐపీ కొట్టే అలవాటున్నవాళ్లుంటే అదీ చేర్చండి. ర్యాప్ మామూలుగా 3389కే ఒప్పుకుంటుంది, పైన చెప్పినట్టు సర్వర్‌లో పోర్టు మార్చి ఉంటే ఇక్కడ మళ్లీ అడ్డం తగులుతుంది. ఎక్కడ ఆగిందో ఊహించనక్కర్లేదు, గేట్‌వే ఆపరేషనల్ లాగ్ చూడండి. 201 అంటే క్యాప్ ఆపింది, 301 అంటే ర్యాప్ ఆపింది, 304 అంటే రెండూ దాటినా అవతలి మెషీన్ అందలేదు.

క్లయింట్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, సెట్టింగ్స్‌లో గేట్‌వే పేరు ఇవ్వాలి. మొదటి పేజీలో కంప్యూటర్ దగ్గర మాత్రం సర్వర్ లోపలి పేరే కొట్టాలి, దాన్ని వెతికిపెట్టేది గేట్‌వే. అక్కడే 'లోకల్ అడ్రస్‌లకు గేట్‌వే వద్దు' అనే టిక్ ఉంటుంది, బయటుండేవాళ్లకి అది తీసేయండి. లేకపోతే ముందు నేరుగా వెళ్లి చూసి, కుదరక, అప్పుడు గేట్‌వే దగ్గరికొస్తుంది.

డొమైన్ లేదా, సర్వర్లు తక్కువేనా, అయితే వైర్‌గార్డ్ అనే వీపీఎన్. యూడీపీ 51820 ఒక్క పోర్టు తెరిస్తే చాలు. సరైన కీ లేనివాడికి అది జవాబే ఇవ్వదు, స్కానర్‌కి అక్కడేమీ ఉన్నట్టే తెలియదు. క్లయింట్ అలౌడ్ ఐపీస్‌లో (వీపీఎన్ గుండా వెళ్లాల్సిన చిరునామాల జాబితా) ఆఫీసు నెట్‌వర్క్ ఒక్కటే రాయండి. రెండుచోట్ల దెబ్బ తింటారు. ఇంట్లో రూటర్ కూడా 192.168.1 వరసే ఇస్తుంటే అడ్రస్‌లు కొట్టుకుంటాయి. ఆఫీసు వైపే 10తో మొదలయ్యే ఏదో వింత వరసకి మార్చుకోండి. రెండోది, సర్వర్ ఫైర్‌వాల్ రూల్‌లో స్కోప్ 'లోకల్ సబ్‌నెట్' అని ఉంటే వీపీఎన్ నుంచి వచ్చినవాళ్లు పరాయివాళ్ల కింద లెక్క. పింగ్ వెళ్లినా ఆర్‌డీపీ మాత్రం రాదు. ఆ స్కోప్‌లో వీపీఎన్ వరస కూడా చేర్చండి.

అడగకపోయినా ఒకటి: ఆర్‌డీఎస్ రోల్ (ఎక్కువమంది ఒకేసారి వాడుకునేందుకు పెట్టేది) లేని సర్వర్‌లో ఒకేసారి ఇద్దరు అడ్మిన్లకే చోటు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే సెషన్ పోదు, అక్కడే కూర్చుంటుంది. సైన్ అవుట్ అనే బటన్ ఎందుకుందో కొందరికి ఏళ్లు గడిచినా తెలియదు, మూడోవాడు లోపలికి రాలేక ఫోన్లు చేస్తాడు.

గేట్‌వేనో వీపీఎన్నో పనిచేశాక పాత టీసీపీ 3389, 3390, 3391, 3392 ఫార్వర్డ్‌లు డిజేబుల్ చేసి వదిలేయకుండా పూర్తిగా తీసేయండి (గేట్‌వేకి యూడీపీ 3391 ఇచ్చి ఉంటే అది వేరే, దాన్ని ఉంచండి). తర్వాత మళ్లీ హాట్‌స్పాట్ నుంచి ఆ పోర్టులు కొట్టి చూడండి, ఒక్కటి కూడా తెరుచుకోకూడదు.