కంప్యూటర్‌లో కంద పద్యం: ఎంటర్ ఎక్కడ కొట్టాలి?

ప్రశ్న: హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈసారి గోడపత్రికకు పద్యాలు చేత్తో రాయించకుండా ఎమ్మెస్ వర్డ్‌లో టైపు చేయిద్దామని తొమ్మిదో తరగతి పిలకాయలను కంప్యూటర్ ల్యాబుకు తీసుకుపోయాను. కొందరు పద్యమంతా వచనంలాగా ఏకబిగిన కొట్టేశారు, కొందరు స్పేస్‌బార్ నొక్కి నొక్కి పాదాలు జరిపారు, అక్షరం సైజు పెంచగానే అంతా చెల్లాచెదురు. వర్డ్ నాకూ అంతంతమాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక టీచరు, పుత్తూరు

జవాబు: టీచర్‌గారూ, కంప్యూటర్ ఆన్ చేయకముందే మొదలుపెట్టండి. పోతన గారి ఈ కందం బోర్డు మీద రాయండి.

పలికెడిది భాగవతమఁట,
పలికించెడివాఁడు రామభద్రుం డఁట, నే
పలికిన భవహర మగునఁట,
పలికెద, వేఱొండు గాథ పలుకఁగ నేలా?

రెండో పాదం చివర ఒంటరిగా ఉన్న ‘నే’ ఉంది చూశారా, అర్థం ప్రకారం అది కింది ‘పలికిన’తో కలవాలి కాబట్టి చురుకైన పిల్ల ఎవరో ఒకరు తప్పకుండా దాన్ని కిందికి దించుతుంది, అచ్చుతప్పు దిద్దాననుకుని. దించనివ్వండి, తర్వాత అడగండి: మూడో పాదంలో రెండో అక్షరం ఏమైంది? ‘లి’ పోయి ‘ప’ వచ్చింది, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలనే ప్రాస పాయె. కందంలో రెండో పాదం ‘నే’ లాంటి గురువుతో ముగియాలి కదా, అదీ పాయె. పాదం ఎక్కడ ఆగాలో కవి తేల్చేశాడు, టైపు చేసేవాళ్లకు అందులో వేలు పెట్టే పని లేదని ఇక మీరు విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వర్డ్. ఎంటర్ కొడితే వర్డ్ లెక్కలో ఒక పేరా అయిపోయినట్టే. 2013 నుంచి వచ్చిన వర్డ్‌లలో మనం ఏమీ మార్చకపోతే ప్రతి పేరా కిందా 8 పాయింట్ల ఖాళీ పడుతుంది, అందుకే నాలుగు పాదాలూ నాలుగు వేరే పద్యాల్లా దూరం దూరంగా కనిపిస్తాయి. పాదం చివర షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టించండి, పద్యం అయిపోయాకే ఉత్త ఎంటర్. పద్యమంతా ఒకే పేరాగా ఉంటుంది, ఎక్కడికి జరిపినా కలిసే వస్తుంది.

స్పేస్‌బార్ రోగానికి మందు కంట్రోల్+టీ. పద్యంలో కర్సర్ పెట్టి అది నొక్కితే మొదటి వరస తప్ప మిగతావన్నీ అర అంగుళం లోపలికి పోతాయి. ఇప్పుడు ‘కం.’ అని కొట్టి, ట్యాబ్ నొక్కి, మొదటి పాదం టైపు చేయమనండి. షిఫ్ట్+ఎంటర్‌తో వచ్చే మిగతా మూడూ సరిగ్గా దాని కిందికే వచ్చి నిలబడతాయి, పుస్తకాల్లో అచ్చయినట్టు. సీసపద్యంలో పాదం రెండో సగాన్ని ఇంకాస్త లోపలికి పెట్టాలంటే షిఫ్ట్+ఎంటర్ తర్వాత ఇంకో ట్యాబ్, అంతే.

అలైన్‌మెంట్ ఎడమకే ఉంచండి. జస్టిఫై చేస్తే షిఫ్ట్+ఎంటర్ కొట్టిన వరసను వర్డ్ రెండు మార్జిన్ల దాకా సాగదీస్తుంది, ‘పలికెడిది’ ఈ గట్టున, ‘భాగవతమఁట’ ఆ గట్టున. సెంటర్ చేయడం కూడా నాకు నచ్చదు, పెళ్లి పత్రికకు బాగుంటుందేమో గానీ ప్రాసాక్షరాలు ఒకదాని కింద ఒకటి ఉన్న సంగతి పిలకాయల కంట పడాలంటే ఎడమ అంచు కలవాల్సిందే. వరసల మధ్య దూరం ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించకండి, ‘భద్రుం’లో రావత్తు తెగిపోతుంది.

ఎవరు ఎలా కొట్టారో తెలియాలంటే హోమ్ ట్యాబ్‌లో తిరగేసిన పీ లాంటి గుర్తు నొక్కండి. స్పేస్‌లు చుక్కలుగా, ట్యాబ్ బాణంగా, షిఫ్ట్+ఎంటర్ వంకర బాణంగా కనిపిస్తాయి. చుక్కల ముగ్గు కనిపించిన ఫైలుకు మార్కులు కోసేయండి.

ప్రశ్న: మా కాలేజీ పోస్టరు కోసం అన్నమయ్య కీర్తన ‘బ్రహ్మ కడిగిన పాదము’ టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో జెరాక్స్ షాపుకు తీసుకెళ్తే అక్కడ ఫాంటు మారిపోయి వరసలన్నీ విరిగాయి. ఎందుకలా? చరణం తర్వాత ప్రతిసారీ పల్లవి మళ్లీ కొట్టాలా?
- డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నువ్వు వాడిన ఫాంటు వాళ్ల సిస్టంలో లేకపోతే వర్డ్ దగ్గరున్న ఇంకేదో ఫాంటు తొడుగుతుందమ్మా, దాని వెడల్పు వేరు కాబట్టి పొడుగు వరసలు కిందికి జారతాయి. పీడీఎఫ్ చేసి తీసుకెళ్లు, టెన్షన్ ఉండదు. షాపులోనే దిద్దాల్సి వస్తుందనుకుంటే ఆప్షన్స్‌లో సేవ్ కిందికి వెళ్లి ఫాంట్లను ఫైలులో కలిపే పెట్టె టిక్ చేయి.

పల్లవి మళ్లీ వద్దు. చరణం చివర ॥బ్రహ్మ॥ అని పల్లవి మొదటి మాట వేస్తే పాడేవాళ్లకు తెలుస్తుంది, రూలర్ మీద కుడి చివర రైట్ ట్యాబ్ పెట్టుకుంటే అవన్నీ ఒకే గీత మీద ఉంటాయి. కీబోర్డులో ఆ జంట గీతలు లేకపోతే 0965 అని కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కు.