ఇంటర్నెట్ అందరికీ అడ్డు లేకుండా ఉంటే సామాన్యుడికి ఒరిగేదేంటి?

సినిమాలు చూసుకోవడం తప్ప నెట్ వల్ల మామూలు జనానికి ఒరిగిందేముంది, అది ‘ఫ్రీగా, ఓపెన్‌గా’ ఉండాలని అంత పట్టుదలెందుకు అని అడిగారు. మాది విశాఖ జాలరిపేట. నాన్న నలభై ఏళ్ళుగా వేటకెళ్తున్నాడు. మా ఇంట్లో చూసిందే చెప్తాను.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్రం పైనీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాల నుంచి చూసి, చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో చెప్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, అన్నీ ఉంటాయి. తెలుగులోనూ ఇస్తారు, పైసా అక్కర్లేదు.

మొదటిసారి అది నాన్నకి చూపించింది ఫిషింగ్ హార్బర్లో, తెల్లారకముందు. వల సర్దుకుంటూనే “ఆకాశంలో ఉన్నదానికి సేప సంగతేటి తెలుస్తాదిరా” అన్నాడు. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిసే చోట మేత చేరుతుందట నాన్నా, అన్నాను. చేతిలో వల వదిలేసి నా వైపు తిరిగాడు. “నీళ్ళ రంగు మారే సోటా? మా అయ్య సూపించీవోడు నాకది.” అప్పట్నుంచి పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోన్ మీద, కవర్ తీయకుండానే, ఉప్పు వేలితో జరుపుకుంటూ తనే చదువుకుంటాడు. వెళ్ళిన ప్రతిసారీ చేప పడదు. కానీ డీజిల్ తగలేస్తూ ఊరికే వెతుక్కునే తిరుగుడు తగ్గింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు ఆ సూచనలు రావు. ఆ 61 రోజులూ నాన్నకి పొద్దుపోదు.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ ఒకటే మాట. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆ తేడా నాకు రీఛార్జి షాపులో తెలిసింది. ‘నెట్ ఫ్రీ’ అంటూ నాన్న ఫోన్‌కి ఒక ప్యాక్ వేశారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళు ఎంచిన సైట్లు తెరుచుకునేవి, అలల ఎత్తు చెప్పే పేజీ తెరవబోతే బ్యాలెన్స్ లేదనేది. సముద్రంలోకి వెళ్ళేవాడికి ఏది కావాలో, ఏనాడూ పడవెక్కని మనిషి తేల్చేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

2015లో టెలికాం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి వాటి మీద జనం అభిప్రాయం అడిగితే లక్షల మంది ఈమెయిళ్ళు పంపారు, నేనూ పంపాను. 2016 ఫిబ్రవరి 8న, చూసే సైటుని బట్టి డేటాకి వేరువేరు ధరలు పెట్టకూడదని నిబంధన వచ్చింది. ఆ రోజు మా వీధిలో ఎవరికీ ఆ సంగతి తెలీదు. దాని ఫలం మాత్రం రోజూ అనుభవిస్తున్నారు.

సమాజానికి ఏం లాభం అంటే నాకు ముందు గుర్తొచ్చేది హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబర్ 12న తీరం దాటింది. అంతకుముందు రెండు రోజులూ వాతావరణ శాఖ వెబ్‌సైట్లో మూడు గంటలకోసారి వచ్చే బులెటిన్ చూసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా యాసలోకి మార్చి కాగితం మీద రాసేవాణ్ణి. గుడి మైకులో చిన్నాన్న చదివేవాడు. ఆ కాగితం రాయడానికి ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరికీ రూపాయి కట్టలేదు. గాలికి మా రెండు పడవలూ ముక్కలైపోయాయి. మనుషులంతా ఒడ్డునే ఉన్నారు.