‘ఏలియన్’లో ఛాతీని చీల్చుకొని జీవి బయటికి వచ్చే దృశ్యాన్ని ఎలా తీశారు?
1979లో విడుదలైన ఈ చిత్రంలోని ఆ దృశ్యాన్ని ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో, కంప్యూటర్ గ్రాఫిక్స్ సాయం లేకుండానే చిత్రీకరించారు. నటుడు జాన్ హర్ట్ తల, చేతులు మాత్రమే బల్లపైన కనిపించేలా మిగతా శరీరాన్ని కింద దాచి, పైన కృత్రిమ ఛాతీని అమర్చి, అందులో మాంసం దుకాణం నుంచి తెచ్చిన జంతువుల అవయవాలను, నకిలీ రక్తం చిమ్మే గొట్టాలను ఉంచారు. జీవి బొమ్మను బల్ల కింది నుంచి పైకి నెట్టారు.

జీవి బయటికి వస్తుందని తోటి నటులకు తెలుసు కానీ, రక్తం అంత ఉధృతంగా తమ మీద పడుతుందని దర్శకుడు రిడ్లీ స్కాట్ వారికి చెప్పలేదు. అందుకే తోటి నటి వెరోనికా కార్ట్‌రైట్ ముఖంలో కనిపించే భయం చాలావరకు నిజమైనదే. ఆ దృశ్యానికి ప్రాణం అక్కడే ఉందని నా అభిప్రాయం.