స్కోరు ఒక్కటే చూసి తేల్చేయకండి

న్యూజెర్సీలో ఉండే ఆ లక్నో ఆవిడ తల్లి పోయి 14 నెలలైనా తేరుకోలేదు, తీరని దుఃఖాన్ని కొలిచే ప్రశ్నావళి పీజీ-13-ఆర్‌లో 33 వచ్చింది, దీర్ఘ దుఃఖ జబ్బని రాసేయాలా అని అడిగారు కదండీ. జబ్బు ఉండొచ్చనే గీత 30 దాటింది, మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం చెప్పే ఏడాదీ అయింది, నిజమే. అయినా ఆగండి. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో అడిగారా, హిందీలోనా? "నంబ్" (మనసు మొద్దుబారడం) అంటే చేతులు తిమ్మిరెక్కడం అనుకుని ఉండొచ్చు. "మన్ నహీ లగ్తా" (దేనిమీదా మనసు నిలవట్లేదు) అని ఆవిడే అంటే దాన్ని పట్టుకోండి. తేరహవీకి, అంటే పదమూడో రోజు కర్మకు, వెళ్లగలిగిందా, వీసా భయంతో చితిని వాట్సాప్ వీడియోలోనే చూసిందా? బర్సీనాడు (ఏడాది తిథినాడు) ఏడవడం, ఫొటోకి దండ వేసి మాట్లాడటం జబ్బు లక్షణాలు కావు. నెలరోజులుగా దాదాపు రోజూ అమ్మ కోసం తపన, పనీ పిల్లలూ పట్టకపోవడం ఉన్నాయేమో చూడండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని మాత్రం ఇవాళే అడగండి, అత్తగారు పక్కన లేనప్పుడు.