బగ్ పెట్టి బాగుచేయడం నేర్పిస్తే

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కోడ్ రాసే ఏఐ ఏజెంట్లకు ఏఐ తయారుచేసిన డేటాతోనే శిక్షణ ఇస్తున్నారట. తను రాసిందే తను చదివితే మోడల్ పాడైపోదా? మా టీం ఇలాంటి ఏజెంట్‌ని తీసుకోబోతోంది. ఏం చూడమంటారు?

జవాబు: మీ అనుమానంలో న్యాయం ఉందండీ. మోడల్ రాసిన వచనాన్నే మళ్లీ మళ్లీ మోడళ్లకు నేర్పుతూ పోతే అరుదైన విషయాలు ఒక్కొక్కటిగా జారిపోతాయని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. కోడ్‌కి మాత్రం ఒక రక్షణ ఉంది. అది మీరు రోజూ చేసే పనే: టెస్టు, అంటే కోడ్ అనుకున్నట్టు నడుస్తోందో లేదో చూసే పరీక్ష.

కోడ్ సరిచేయడంలో మోడళ్లను పరీక్షించడానికి 2023లో వచ్చిన స్వీ-బెంచ్ అనే ప్రశ్నల జాబితాలో 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి తీసిన 2,294 నిజమైన సమస్యలున్నాయి. శిక్షణకు అవి చాలవు. అందుకే 2025లో స్వీ-స్మిత్ అనే శిక్షణ డేటా తయారుచేసిన బృందం తిరగేసి ఆలోచించింది: బాగా నడుస్తున్న ప్రాజెక్టు తీసుకుని అందులో తామే బగ్ పెట్టడం. ఒక షరతును తిరగేస్తారు, లేదా ఒక ఫంక్షన్‌ని మోడల్ చేత మళ్లీ రాయిస్తారు. అప్పటిదాకా పాసైన టెస్టు ఏదైనా ఫెయిలైతేనే ఆ బగ్ పనికొస్తుంది, లేకపోతే పారేస్తారు. తర్వాత ఏజెంట్ దాన్ని సరిచేయాలి. టెస్టులన్నీ పాసైన ప్రయత్నాలనే శిక్షణకు వాడతారు. ఇలా 128 ప్రాజెక్టుల నుంచి 50 వేల సమస్యలు తయారయ్యాయి. ఈ వడపోతే నాకు నమ్మకం కలిగిస్తుంది, ఆ 50 వేల అంకె కాదు.

అయితే టెస్టు తను అడిగినదాన్నే చూస్తుంది. స్వీ-బెంచ్‌లోని సమస్యలనే మనుషులు కూర్చుని పరిశీలిస్తే కొన్ని టెస్టులు సరైన జవాబును కూడా కాదంటున్నాయని, కొన్ని సమస్యల్లో ఏం కావాలో స్పష్టంగా లేదని తేలింది. అందుకే 2024లో 500 సమస్యలతో వెరిఫైడ్ అనే జాబితా వచ్చింది. నన్ను ఇంకా కలవరపెట్టేది భాష. ఇలా తయారుచేసిన సమస్యకు మోడల్ రాసిన బగ్ రిపోర్టు శుభ్రంగా ఉంటుంది. మీకు వచ్చేది మాత్రం "సేవ్ నొక్కితే ఏమీ కావట్లేదు, అర్జెంట్" అని కదా! ఏ స్క్రీనో, ఏ వెర్షనో ఉండదు. అందులోంచి అసలు సంగతి రాబట్టే పని మీది. దాన్ని చిన్నదనుకోకండి.

ఏజెంట్‌ని తీసుకునే ముందు మీ టీం ఇదివరకే సరిచేసిన పాత బగ్‌లు కొన్ని ఎంచుకోండి. రిపోర్టుల మాటలు మార్చకుండా అలాగే ఇవ్వండి. కోడ్‌ని అప్పటి స్థితికి తీసుకెళ్లి, ఆ తర్వాతి కమిట్లు (కోడ్‌లో నమోదైన మార్పులు) పూర్తిగా తీసేయండి. టెస్టులు మీ దగ్గరే దాచుకోండి. కమిట్లు మిగిలుంటే ఏజెంట్ గిట్ లాగ్ (ఆ మార్పుల చరిత్ర) తిరగేసి జవాబు పట్టుకోగలదు. స్వీ-బెంచ్‌లోనే ఇది 2025లో బయటపడింది.